నాగు కాని గింజల నిధి: ఎకరం చెల్క మీద కూలి ఇంటి తిండి ఎట్లా?

చెల్కమట్టి
అందరికీ నమస్తే. జహీరాబాద్ దిక్కు ఒక ఊళ్ల 20 కూలి ఇండ్ల ఆడోళ్లు సంఘం కట్టి గింజల నిధి పెడుతున్నరు. ఇంటికి ఎకరం లెక్కన ప్రభుత్వం ఇచ్చిన ఎర్ర చెల్క (ఇసుక కలిసిన ఎర్రనేల) ఉంది. బోరు లేదు, సగానికి పైన బీడే. సంక్రాంతి ముంగట జొన్నలు కొని దాచిపెట్టి, వానకాలం మొదట్ల తిండికి ఇబ్బంది అయ్యేటప్పుడు ఇంటికి క్వింటాలు ఇచ్చుడు, పంట ఇంటికొచ్చినాక తిరిగి తీసుకునుడు. ఇదీ ఆలోచన. నియమాలు ఇట్ల రాసుకున్నరు: క్వింటాలుకు 20 కిలోలు ఎక్కువ కట్టాలె. కట్టలేనోళ్లు సంఘం చేన్ల పది రోజులు పని చెయ్యాలె. పట్టా పాసుపుస్తకం సంఘం దగ్గర పెట్టాలె. వీటిల తప్పుంటే ఇప్పుడే చెప్పుండ్రి. ఎకరంల ఏం వెయ్యాలె, విత్తనం ఎంత, గింజ ఎట్ల దాచాలె, అది కూడా కావాలె.

పరిగె
మూడు నియమాలూ తీసెయ్యండి. మాట కటువుగా ఉంటే మన్నించండి. మంచి మనసుతో రాసుకున్నారని తెలుసు, కానీ మూడూ కలిపి చూస్తే అది పాత నాగే, అంటే దొరల గింజ వడ్డీయే.

నాగు ఎలా నడిచేదో ఒకసారి చూడండి. ఆషాఢంలో కూలి ఇంట్లో గింజ అయిపోతుంది. దొర గరిసెలోంచి బస్తా జొన్నలు వస్తాయి. పంట కల్లానికి రాగానే బస్తాకు బస్తాన్నర కొలవాలి. ఆరు నెలలకు నూటికి యాభై, అంటే ఏడాదికి నూటికి నూరు. దానికి తోడు ఇచ్చే మానిక వేరు, తీసుకునే మానిక వేరు. కల్లం దగ్గరే కొలిచేశాక చాటలో మిగిలింది సంక్రాంతికే అయిపోతే, మళ్లీ అదే గరిసె ముందు నిలబడాలి. ఆ అప్పు తీరనప్పుడే ఇంట్లో మగపిల్లవాడు జీతానికి, అంటే అప్పు కింద చాకిరీకి కుదిరేవాడు. అంటే నాగుకూ జీతానికీ మధ్య దూరం ఒక్క కరువు సంవత్సరం.

మీ 20 కిలోలు ఆరు నెలల మీద లెక్క కడితే ఏడాదికి నూటికి 40. బయట వడ్డీ వ్యాపారి నెలకు నూటికి మూడు రూపాయల చొప్పున తీసుకున్నా ఏడాదికి 36 అవుతుంది.

పది రోజుల పని అన్నది ఇంకా పెద్ద తప్పు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం (1975 అక్టోబర్ 25 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క) వెట్టిని నిర్వచించేటప్పుడు దేశంలోని పద్ధతుల పేర్లన్నీ వరసగా చెబుతుంది. అందులో భాగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన ఊళ్ల మాటలే. తీసుకున్న అప్పుకు బదులుగా కూలి లేకుండా గానీ, పేరుకు మాత్రం కూలి ఇచ్చి గానీ పని చేయించుకోవడం ఆ నిర్వచనంలోని మొదటి సంగతి. అప్పు ఇచ్చింది దొరా, సంఘమా అని చట్టం చూడదు.

ఇంకొక్కటి. తెలంగాణ సాయుధ పోరాటం అనగానే అందరూ భూపంపకం అంటారు. 1946లో మొదలైనప్పుడు ముందు నిలిచినవి వెట్టి, అక్రమ వసూళ్లు, బేదఖళ్లు (రైతును భూమి నుంచి వెళ్లగొట్టడాలు). నాగు పత్రాలు చింపెయ్యడం, జీతగాళ్ల జీతం పెంచడం భూమితో సమానంగా నడిచిన డిమాండ్లు. మొదటి ఆంధ్ర మహాసభ 1930లో జరిగిన జోగిపేట మీకు ఎంతో దూరం కాదు. ఆ నేల మీద కూలి ఆడవాళ్లే గింజల నిధి పెడుతున్నారంటే అది చిన్న పని కాదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దస్తావేజు
పాసుపుస్తకం సంగతి నేను చెబుతాను. మీది అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) కాబట్టి 1977 నాటి 9వ చట్టం, అంటే అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వర్తిస్తుంది. అందులో ‘బదలాయింపు’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తనఖా, కౌలు కూడా. కాబట్టి సంఘం పేరుతోనైనా కౌలు కాగితం, తనఖా కాగితం రాసుకోవద్దు. పుస్తకం తెచ్చి సంఘం పెట్టెలో పెట్టడం చట్టం కళ్లకు తనఖా కాకపోవచ్చు, కానీ ఊళ్లో అది తనఖాలాగే పనిచేస్తుంది. రేపు సంఘం చేతులు మారితే పుస్తకం ఎవరి దగ్గర తేలుతుందో చెప్పలేం. గింజ అప్పుకు హామీ పక్క ఇంటి ఆడమనిషి మాట. అంతకు మించి వద్దు.

అసైన్డ్ భూమి ఇప్పటికే వేరేవాళ్ల సాగులో ఉంటే, అదే చట్టం 4వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకొని అసలు లబ్ధిదారుకు తిరిగి ఇచ్చే అధికారం కలెక్టరుకూ, ఆయన అధికారమిచ్చిన తహసీల్దారు స్థాయి అధికారికీ ఉంది. దరఖాస్తు ఒక్కో ఇల్లు విడిగా పెట్టాలి, 20 మందీ ఒకే రోజు పెట్టాలి. ఒక గమనిక: ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ తర్వాత 20 ఏళ్లు నిండిన అసైన్డ్ భూముల పరిస్థితి మారింది. అక్కడి సలహాలు తెచ్చి సంగారెడ్డి జిల్లాలో వాడకండి.

చెల్కమట్టి
అర్థమైంది. మూడు నియమాలూ కొట్టేస్తరు, సంఘంల చదివి వినిపిస్తం. కాని ఒక అనుమానం. ఇచ్చినంతే తీసుకుంటే నిధి ఏటేటా తరుగుతది కదా? ఎండుతది, పురుగు తింటది, ఎలుక తింటది. 20 కిలోలు అందుకే పెట్టిన్రు.

త్రాసు
తరుగు ఎక్కడ వస్తుందో చూస్తే, ఎక్కువ కట్టించుకోవాల్సిన అవసరం చాలావరకు పోతుంది. కల్లంలో దులిపిన జొన్నలో తేమ 16 శాతం ఉందనుకోండి. 100 కిలోల్లో పొడి పదార్థం 84 కిలోలు. అదే 12 శాతానికి ఎండితే 84ను 0.88తో భాగించాలి, 95.5 కిలోలు వస్తుంది. అంటే నాలుగున్నర కిలోలు ఎవరూ తినలేదు, గాలిలో కలిసింది. కాబట్టి నియమం ‘ఎక్కువ కట్టాలి’ అని కాదు, ‘ఎండినది కట్టాలి’ అని ఉండాలి. ఇచ్చేటప్పుడు 12 శాతం, తీసుకునేటప్పుడు 12 శాతం, తూకం ఒక్కటే.

తేమ మీటరు లేకపోతే ఉప్పు సీసా చాలు. బాగా ఎండిన గాజు సీసాలో నాలుగో వంతు జొన్నలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత బిగించి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోతే 15 లోపు. అక్కడితో ఆగొద్దు, పలచగా పరిచి ఇంకో రెండు మంచి ఎండలు చూపించాలి. పంటి కింద గింజ కటుక్కుమని విరగాలి, నలగకూడదు. ఉప్పు చెమ్మగా ఉంటే పరీక్ష తప్పు చెబుతుంది, ముందు దాన్ని పెనం మీద వేయించి చల్లార్చాలి.

మిగిలిన తరుగుకు, అంటే పురుగు, ఎలుక, ఒలకడం అన్నిటికీ కలిపి క్వింటాలుకు 3 కిలోలు చాలు. దాన్ని కూడా ఏడాది చివర లెక్క చూసి, తరుగు 3 కంటే తక్కువైతే మిగిలింది వచ్చే ఏడు తగ్గించండి.

గింజకు గింజే తీసుకోండి, డబ్బు కాదు. శ్రావణంలో కిలో 40, పంట దినాల్లో 30 అనుకుందాం. డబ్బు లెక్కన ఇస్తే 100 కిలోలకు 4,000 అప్పు. అది తీర్చడానికి ఆమె 133 కిలోలు అమ్మాలి. వడ్డీ లేదని చెప్పుకుంటూనే నూటికి 33 తీసుకున్నట్టవుతుంది.

మంచెకాడ
త్రాసు గారి లెక్క బాగుంది. కరువొస్తే ఏందనేది కూడా ఇప్పుడే రాసుకోవాలె, కరువొచ్చినాక రాసుకుంటే కొట్లాట అయితది. కోతకు ముంగట 20 మంది కలిసి చేన్లన్నీ తిరగాలె. ఎవ్వరి చేనుల సగం కంటె తక్కువ కనబడితే వాళ్ల బాకీ వచ్చే ఏటికి జరగాలె, దాని మీద ఒక్క గింజ కూడ పెరగొద్దు. రెండేండ్లు వరసగా పోతే మాఫీ. దీనికి ధైర్యం రావాలంటే నిధిల ఆరో వంతు ఎప్పుడూ అప్పుకియ్యకుండ పక్కన పెట్టాలె. ఇరవై నాలుగు క్వింటాళ్లుంటే ఇరవై ఇయ్యాలె, నాలుగు ముట్టొద్దు. ఆ నాలుగును ఏటేటా కొత్త గింజతోని మార్చాలె, లేకుంటే పుచ్చిపోతది.

ఇచ్చేటప్పుడు కూడ ఒకేసారి క్వింటాలు ఇయ్యొద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాక నెలకు 25 కిలోలు. ఒక్కసారి ఇస్తే పాత బాకీలోళ్లు ఇంటి ముంగటికి వస్తరు.

నెలసరుకు
అసలు ఇంటికి ఎంత కావాలో లెక్క వేసుకున్నారా? ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఎండలో పనిచేసే పెద్దమనిషి రోజుకు అరకిలో గింజ తింటే, పిల్లలు 300 గ్రాములు తింటే, రోజుకు 1.6 కిలోలు, నెలకు 48. తెలంగాణలో రేషన్ మనిషికి 6 కిలోలు, నలుగురికి 24. అంటే సరిగ్గా సగం. మిగిలిన 24 కిలోలు, ఏడాదికి 288, ఎక్కడినుంచి తేవాలన్నదే మీ ఎకరం తీర్చాల్సిన ప్రశ్న. పప్పు మనిషికి రోజుకు 60 గ్రాములైనా వేసుకుంటే ఏడాదికి 88 కిలోలు. రేషన్ దుకాణం బియ్యం ఇస్తుంది, ఈ పప్పు ఇవ్వదు. కూలి ఇంట్లో ముందు తగ్గేది పప్పే.

కాబట్టి పంట ప్రణాళికను జొన్న దిగుబడితో కాదు, ఈ రెండు అంకెలతో కొలవండి: 3 క్వింటాళ్ల తిండి గింజ, క్వింటాలు పప్పు.

సాలుగొర్రు
ఆ రెండూ ఒకే ఎకరంలో రావాలంటే జొన్న, కంది కలిపి వేసుకోవాలి. వివరంగా రాస్తాను.

సాలుకూ సాలుకూ 45 సెంటీమీటర్లు పెట్టుకుంటే ఎకరంలో సాళ్ల పొడవు దాదాపు 9,000 మీటర్లు. రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. జొన్న 15 సెంటీమీటర్లకు ఒక మొక్క అంటే 40,000 మొక్కలు. కంది 20 సెంటీమీటర్లకు ఒకటి అంటే 15,000. ఆ మొక్కలకు గింజ లెక్క కడితే జొన్న కిలోంపావు, కంది కిలోన్నర సరిపోతాయి. కానీ మొలకలో పోయేవి, పిట్టలు ఏరేవి, మొవ్వు ఈగ తినేవి ఉంటాయి కాబట్టి జొన్న రెండున్నర కిలోలు, కంది 2 కిలోలు పెట్టుకోండి. ఒత్తుగా మొలిస్తే 15 నుంచి 20 రోజుల మధ్య మొవ్వు ఎండిన మొక్కలు పీకి పలచన చెయ్యాలి. ముందే పలచగా వేస్తే ఈగ తిన్న చోట ఖాళీయే మిగులుతుంది.

జొన్న జడ్డిగంలో (గొర్రుకు విత్తనం పోసే గిన్నెలో) పిడికెడు పుంటికూర (గోంగూర) విత్తనం, పావుకిలో బొబ్బర్లు, పావుకిలో అనుములు కలపండి. పుంటికూర నెల రోజులకే కూరకు వస్తుంది. బొబ్బర్లు, అనుములు జొన్న మొక్కను పట్టుకొని పాకుతాయి. ఎక్కువ కలపొద్దు, అనుము తీగ బరువుకు జొన్న పడిపోతుంది. గట్ల మీద మూడడుగులకు ఒక ఆముదం.

అదును: మృగశిరలో గానీ ఆరుద్రలో గానీ, నేల జానెడు లోతు తడిశాక. మొత్తం వాన 60, 70 మిల్లీమీటర్లు పడకముందు తొందరపడితే మొలిచి ఎండుతుంది. జులై సగం దాటితే జొన్నకు మొవ్వు ఈగ ఉధృతంగా వస్తుంది, అప్పుడు జొన్న మానేసి వేరే పంటకు పోవడం మంచిది. 20 చేన్లూ ఒకే వారంలో విత్తండి. ఈగ కూడా, కంకి మీద పిట్టలు కూడా అన్ని చేన్లకూ పంచుకుపోతాయి. ఒక్కరే ముందు విత్తితే ఊళ్లో పిట్టలన్నీ ఆ ఒక్క చేనుకే.

గుంటుక (సాళ్ల మధ్య కలుపు కోసే పనిముట్టు) 20 రోజులకు ఒకసారి, 40 రోజులకు ఇంకోసారి. చేతి కలుపు ఒకటి తప్పదు. కలుపు తీసేటప్పుడు దొగ్గలికూర, గంగవాయిలి, తుమ్మికూర పారెయ్యరు కదా. ఆ కూరల కోసమైనా కలుపుమందు కొట్టొద్దు.

జొన్న నవంబర్‌లో కోస్తే కందికి వెలుతురు దొరికి కొమ్మలు వేస్తుంది. డిసెంబర్, జనవరిలో కాయ. వాన మామూలుగా పడిన ఏడు ఇలాంటి చెల్కలో జొన్న నాలుగు క్వింటాళ్లు, కంది క్వింటాలున్నర అనుకోవచ్చు. తిరగలితో పప్పు చేసుకుంటే కందికి మూడింట రెండు వంతులు పప్పు. నెలసరుకు గారి లెక్క అక్కడికి సరిపోయింది.

నల్లరేగడి
సాలుగొర్రు గారూ, విత్తనం హైబ్రిడా, పాత పచ్చజొన్ననా? అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. నూరు రోజుల హైబ్రిడ్‌ను జూన్‌లో వేస్తే సెప్టెంబర్‌లో, వానల్లోనే కంకి పండుతుంది. గింజ బూజు పట్టి నల్లబడుతుంది. పాత పచ్చజొన్న పగలు తగ్గేదాకా పూతకు రాదు. ఎప్పుడు విత్తినా వానలు వెనక్కి పట్టాకే గింజ గట్టిపడుతుంది. దిగుబడి తక్కువే కానీ తినడానికి పనికొచ్చే గింజ వస్తుంది. పైగా చొప్ప నిలువెత్తు, ఎడ్లకు మేత.

ఇంకో సంగతి. జొన్నతో కలిపి వేసినప్పుడు కందికి ఎండుతెగులు తగ్గుతుంది. ఇది ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) పరిశోధనల్లోనూ తేలింది.

సాలుగొర్రు
నిజమే, పచ్చజొన్నే. కందికి పచ్చపురుగు వచ్చినప్పుడు ముందు చెయ్యాల్సింది మందు కాదు. పొద్దున్నే సాళ్ల మధ్య దుప్పటి పరిచి లాగుతూ, ఇద్దరు రెండు పక్కలా మొక్కను మెల్లగా దులపాలి. పురుగులు రాలతాయి, కోళ్లకు వెయ్యాలి. పూత మరీ లేతగా ఉన్నప్పుడు దులిపితే పూతా రాలుతుంది, కాబట్టి పిందె దశలో చెయ్యండి. వేపగింజ కషాయం కావాలంటే 5 శాతం: 10 కిలోల వేపగింజ పొడి మూట కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, 200 లీటర్లు చేసుకుంటే ఎకరానికి. వేపగింజ కొత్తదై ఉండాలి, సాయంత్రం కొట్టాలి. ఎండకు దాని బలం పోతుంది. గూడు కట్టే మచ్చల పురుగుకు ఇది అంతగా పనిచెయ్యదు, గూళ్లు చేత్తో తెంపడమే.

సీమవాన
మా పక్క అనంతపురం, నంద్యాల ఎర్రనేలల్లో ఇదే పనికి కొర్ర, కంది 5:1 సాళ్లలో వేస్తారు. కొర్ర 85 రోజులకు చేతికొస్తుంది, ఎకరానికి 2 కిలోల విత్తనం చాలు. వాన ఆలస్యమైనా జులై ఆఖరు దాకా విత్తొచ్చు. జొన్న అదును తప్పినవాళ్లకు ఇది పనికొస్తుంది. కానీ గింజల నిధిలోకి కొర్ర తీసుకోమని నేను చెప్పను. పొట్టు తీసే మిల్లు దగ్గర్లో లేకపోతే దంచుకోవడం ఆడవాళ్ల నడుము మీద పడుతుంది. పొట్టు తీసిన బియ్యం రెండు మూడు నెలలకే కారు వాసన కొడుతుంది. జొన్నకు, తైదకు (రాగికి), సజ్జకు పొట్టు పని లేదు. సజ్జ మాత్రం పిండి పట్టించాక నాలుగైదు రోజులకే చేదెక్కుతుంది, వారానికి సరిపడా మాత్రమే పట్టించాలి.

బీడు గురించి ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్లు పడున్న చెల్కలో మొదటి ఏడే జొన్న నాలుగు క్వింటాళ్లు రాదు. గరిక, తుంగ ఉంటే ఏప్రిల్, మేలో దున్ని గడ్డలు ఏరి ఎండలో ఆరబెట్టాలి, దున్ని వదిలేస్తే ముక్క ముక్కా మొలుస్తుంది. వాలుకు అడ్డంగా గట్టు వెయ్యండి, ఈ పనులు ఎస్సీ, ఎస్టీ, సన్నకారు రైతుల సొంత భూముల్లో ఉపాధి హామీ కింద చేయించుకునే వీలుందేమో పంచాయతీలో అడగండి. ఎకరానికి 4 టన్నుల పెంట, అంటే ఎనిమిది పది బండ్లు. అది దొరకని చేనుకు మొదటి ఏడు ఆగస్టులో ఉలవలు ఎకరానికి 8 నుంచి 10 కిలోలు చల్లి, జొన్న రెండో ఏటికి పెట్టుకోండి. ఆ ఇంటికి మొదటి ఏడు నిధి బాకీ కూడా లేకుండా చూడండి.

అంగడిదారి
ఒక మాట చెప్పనా. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000, హైబ్రిడ్ జొన్న 3,699. చిరుధాన్యాలకు పట్నంలో ఇప్పుడు మంచి గిరాకీ. 20 ఎకరాలు కలిపి ప్యాకెట్లు కట్టి అమ్మితే, ఆ డబ్బుతో బియ్యం, పప్పు కొనుక్కోవచ్చు కదా? తిండి కోసమే పండించాలని ఎందుకు పట్టు?

పరిగె
అమ్మొద్దని ఎవరూ అనలేదు. ముందు ఇంటి కుండ, తర్వాత అంగడి. కూలివాళ్లకు ఒకప్పుడు కూలి గింజలోనే వచ్చేది. కోతకు మోపు, కల్లం దగ్గర అడుగు గింజ, కోసిన చేనులో పరిగె ఏరుకునే హక్కు. దోపిడీ చాలా ఉండేది, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ ధర పెరిగినా ఆ గింజ పొట్టలోకి పోయేది. కోత మిషన్లు వచ్చాక మోపూ పోయింది, పరిగే పోయింది. కూలి డబ్బుగా మారింది, గింజ ధర మాత్రం ఆమె చేతిలో లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రావడం కూలి ఇళ్లకు నిజంగా ప్రాణం పోసింది. అదే సమయంలో ఊరి జొన్నకు రేషన్ దుకాణంలో చోటు లేకపోయింది, జొన్న చేన్లు బీడు పడ్డాయి. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యం కిలో రూపాయికి ఇవ్వాలని అప్పట్లో రాశారు. అయినా మన దుకాణంలో జొన్న ఎంత కనబడుతుందో మీకు తెలుసు.

మీ పక్కనే పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు ఈ ముడి విప్పి చూపించాయి. ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. 1990ల మధ్యలో బీడు భూములకు పెట్టుబడి అప్పు ఇచ్చి, అప్పును జొన్నల్లో తిరిగి తీసుకొని, ఆ జొన్నను ఊళ్లోనే పేద ఇళ్లకు తక్కువ ధరకు పంచారు. ఎవరు పేద అన్నది ఆఫీసు కాగితం కాదు, ఊళ్లోవాళ్లే నేల మీద ముగ్గేసి, గింజలు పెట్టి తేల్చారు. ఎక్కువ లేమి ఉన్న ఇంటికి ఎక్కువ జొన్న. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మీ సంఘం కూడా ఇంటికి క్వింటాలు అని సమానంగా పంచకుండా, ఒంటరి ఆడమనిషి, ముసలివాళ్లు మాత్రమే ఉన్న ఇల్లు ముందు చూడండి.

అంగడిదారి
ఒప్పుకుంటాను. అయితే కందిలో ఇంటి పప్పు పోగా మిగిలింది మాత్రం 20 ఇళ్లూ కలిపి ఒకే లాటుగా అమ్మండి. విడిగా అమ్మితే బస్తా, అరబస్తాకు దళారి చెప్పిందే ధర.

పాతర
దాచే సంగతికి వద్దాం. 20 క్వింటాళ్ల జొన్నకు దాదాపు మూడు ఘనమీటర్ల చోటు కావాలి. ఒకే పెద్ద గదిలో పోగు పొయ్యొద్దు. ఐదేసి క్వింటాళ్ల గుమ్ములు నాలుగు, లేదా రెండేసి క్వింటాళ్ల రేకు డ్రమ్ములు పది. ఒకటి పాడైతే మిగతావి నిలుస్తాయి.

గుమ్మి వెదురుదైనా, కందికట్టెదైనా లోపలా బయటా ఎర్రమన్ను, పేడ కలిపి పూసి, నెర్రెలు పోయేదాకా రెండు మూడు పూతలు వెయ్యాలి. పూర్తిగా ఆరకముందే గింజ పోస్తే గోడ పక్కన బూజు పడుతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కింద రాళ్ల మీద అడుగు ఎత్తు, గోడకు మూరెడు దూరం, ఎలుకకు దారి లేకుండా. గింజను ఎండ వేడితో అలాగే పొయ్యకూడదు. సాయంత్రం నీడలో చల్లార్చి మర్నాడు పొయ్యాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. పైన ఎండిన వేపాకు, దాని మీద నాలుగు వేళ్ల మందం జల్లించిన బూడిద, ఆపైన మూత, మూతకు మట్టి మెత్తాలి. పదిహేను రోజులకొకసారి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఆ రోజే తీసి ఎండబెట్టాలి.

కందిని నిధిలో దాచేటట్టయితే పప్పుగా దాచండి, కందిగా దాస్తే పుచ్చు పురుగు తొందరగా పడుతుంది.

భూమిలో పాతర వెయ్యాలనే ఆలోచన ఉంటే మొరం నేలలోనే, నల్లరేగడిలో వద్దు. చెమ్మ లాగుతుంది. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగొద్దు. గింజ ఊపిరి తీసి లోపల ప్రాణవాయువు ఉండదు, దిగినవాళ్లు అక్కడే పడిపోయి చనిపోతారు. కాపాడబోయి రెండోవాళ్లూ పోతారు. పూర్తిగా తెరిచి ఒక పూటంతా వదిలి, దీపం తాడుతో దింపి చూసి, అది ఆరకుండా వెలిగితేనే, నడుముకు తాడు కట్టుకొని దిగాలి. నన్నడిగితే ఆడవాళ్ల సంఘానికి పాతర వద్దే వద్దు. డ్రమ్ములే నయం.

చెల్కమట్టి
పాతర మాట తీసేస్తం. డ్రమ్ములు తొమ్మిది దొరికేటట్టున్నయి, ఒక గుమ్మి అల్లుతరు. ఇంకో ప్రశ్న. వచ్చే ఏటికి విత్తనం కూడ ఆ నిధి గింజలకెల్లే తీసి ఇయ్యొచ్చునా? ఇంకా, బాకీ కట్టలేని మనిషి తనంతట తానే సంఘం చేన్ల పనికొస్తా అంటే?

దస్తావేజు
రానివ్వండి, కానీ ఊళ్లో నడిచే కూలి ఆ సాయంత్రమే చేతిలో పెట్టండి. పక్క చేనులో ఎంతో ఇక్కడా అంతే, ఆడ మగ తేడా లేకుండా. ఆ డబ్బుతో ఆమె ఉప్పు కొనుక్కుంటుందో, బాకీ కడుతుందో ఆమె ఇష్టం. కూలి పుస్తకం, గింజ పుస్తకం రెండూ విడిగా ఉండాలి. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి అంకె దూకకూడదు.

విత్తనమూట
నిధి గింజ విత్తనం కాదు. అందులో 20 చేన్ల గింజ కలిసి ఉంటుంది, హైబ్రిడ్ చేను పక్కన పండిందీ ఉంటుంది, సరిగ్గా ఎండనిదీ ఉంటుంది. విత్తనం కోతకు ముందే చేనులో ఏరుకోవాలి. చేను నడిమిలోంచి, గట్టుకు పది సాళ్లు వదిలి, తెగులు లేని కంకులు జొన్నకు కనీసం 50. పెద్ద కంకులే ఏరుకోవద్దు, ఒకే తీరు కంకులు ఏరితే రెండు మూడేళ్లకు రకం ఇరుకవుతుంది. సజ్జలో పుప్పొడి గాలికి చాలా దూరం పోతుంది, పక్కన 200 మీటర్లలో ఇంకో సజ్జ రకం ఉంటే ఆ ఏడు విత్తనం తియ్యొద్దు. తీస్తే 200 కంకులైనా కలపాలి. కందిలో తేనెటీగలు పుప్పొడి మారుస్తాయి, కాబట్టి అక్కడా చేను నడిమే.

జొన్న కంకులు వంటింట్లో పొయ్యి పొగ తగిలే చోట గుత్తులుగా వేలాడదీయండి. కంది విత్తనం బాగా ఎండబెట్టి, నాలుగు కొలతల గింజకు మూడు కొలతల జల్లించిన బూడిద కలిపి కుండలో నొక్కి పెట్టి మూతి మట్టితో మూయండి. బూడిద తక్కువ వేస్తే పురుగుకు కదలడానికి చోటు దొరుకుతుంది, పని చెయ్యదు.

విత్తే ముందు తడి గుడ్డలో 100 గింజలు మూట కట్టి, ఆరకుండా చూసుకుంటే నాలుగైదు రోజుల్లో లెక్క తేలుతుంది. 80 మొలిస్తే పైన చెప్పిన మోతాదు. 60 మొలిస్తే మూడో వంతు పెంచండి. 50 కంటే తగ్గితే ఆ విత్తనం వండుకోండి, ఇంకో ఇంటి నుంచి తెచ్చుకోండి. అందుకే 20 ఇళ్లలో కనీసం ఐదు ఇళ్లు ఒకే రకం విత్తనం విడివిడిగా దాచాలి. ఇచ్చిన కిలోకు కిలోన్నర తిరిగి ఇచ్చే పాత ఆచారం కొన్ని విత్తన సంఘాల్లో ఉంది. విత్తనం దగ్గర అది చెల్లుతుంది, ఎందుకంటే రెండున్నర కిలోల విత్తనం క్వింటాళ్లవుతుంది. తినే గింజకు మాత్రం దాన్ని తీసుకురావద్దు.